కచేరీ చివర సినిమా పాట వాయిస్తే సగం హాలు ఈలలు, సగం హాలు అలక. మీ సభల్లో ఏం చేస్తున్నారు?

సభ_చాకిరీ:

మాది చిన్న సంగీత సభ. నెలకో కచేరీ, ఏటా త్యాగరాజ ఆరాధన, అంతే. కిందటి నెల వయొలిన్ సోలో పెట్టాం. కుర్రాడు బాగా వాయిస్తాడు, అందులో డౌట్ లేదు. కాంభోజి రాగంలో ‘ఓ రంగశాయి’ ప్రధానంగా తీసుకున్నాడు, ఆలాపన తొందరపడకుండా నడిపాడు, హాలు మర్యాదగా కూర్చుని విన్నది. తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) అయింది, తుక్కడాలు, అంటే చివరి చిన్న పాటలు మొదలయ్యాయి, ఒక జావళి (తేలికపాటి శృంగార గీతం), ఒక అన్నమయ్య కీర్తన, ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా ‘శివశంకరీ’ ఎత్తుకున్నాడు. అదేనండీ, ‘జగదేకవీరుని కథ’లోది.

మొదటి రెండు స్వరాలకే వెనక వరసలు లేచాయి. ఫోన్లు పైకి, ఒక ఈల, తాళానికి చప్పట్లు. ముందు వరసలో మాకు ఏటా చందా ఇచ్చే పెద్దాయన ఒకరు కండువా దులుపుకుని లేచి మంగళం కూడా వినకుండా వెళ్ళిపోయారు. ఆ రాత్రి నుంచి మా వాట్సాప్ గ్రూప్ చూడాలి! సభని ఆర్కెస్ట్రా ప్రోగ్రాం చేశారని ఒకరు, ఇన్నాళ్ళకి జనం మొహాల్లో కళ కనిపించిందని ఇంకొకరు.

నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది కమిటీలో ఒకాయన అన్న మాట. “కాంభోజికి ఎన్ని చప్పట్లు, పాటకి ఎన్ని చప్పట్లు, జనానికి ఏం కావాలో తేలిపోయింది కదా” అన్నాడు. అది కరెక్ట్ కాదని తెలుస్తోంది గానీ జవాబు తోచలేదు. ఇకమీద విద్వాంసులకి ముందే షరతు పెట్టాలా, వాళ్ళ ఇష్టానికి వదిలేయాలా? సభలు నడిపినవాళ్ళు, వేదిక ఎక్కినవాళ్ళు కాస్త చెప్పండి.

పంచమం_సరిగ్గా_ఉండాలి:

షరతు పెట్టండి. ఇందులో ఆలోచించడానికేముంది? సినిమా పాట పెళ్ళిలో ఉంది, కారులో ఉంది, బస్సులో ఉంది, పక్కింటి టీవీలో ఉంది, చివరికి ఫోన్ మోగినా అదే. నెలకి రెండున్నర గంటలు అది వినపడని చోటు ఒకటి మిగిలితే అక్కడికీ తీసుకురావాలా? నాకు ఆ పాట మీద కోపం లేదు, ఘంటసాల గారి గొంతులో నేనూ వందసార్లు వింటాను. వినాలనిపిస్తే ఇంట్లో వింటా. సభకి వచ్చేది ఇంకోదాని కోసం.

మీ పెద్దాయన లేచి వెళ్ళడం మాత్రం నాకు నచ్చలేదు. మంగళం వరకూ కూర్చోవాలి. అలిగితే తర్వాత అలగాలి.

ఖమాస్_కాపీ:

పైవారు చెప్పినంత సులువైతే బాగుండేది. ఇప్పుడు మనం చూస్తున్న కచేరీ పద్ధతి, అంటే వర్ణంతో మొదలుపెట్టి, చకచకా కొన్ని కృతులు, ప్రధాన కృతి, తని, చివర చిన్న చిన్నవి, ఇది గాయకులు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారు స్థిరపరిచిందని అంటారు. అనాది నుంచీ ఉన్న శాసనమేం కాదు. ఆ చివరి భాగం ఉన్నదే వినేవాళ్ళకి నడుం సడలించడానికి. అక్కడ పాడే పదాలనే పాటలు, జావళీలు ఎక్కడివి? దేవదాసీల నాట్యం నుంచి వచ్చినవి. జావళీలని ‘తేలిక సరుకు’ అని మొహం చిట్లించినవాళ్ళు ఉన్నారు. ఇవాళ ధర్మపురి సుబ్బరాయర్ ‘పరులన్నమాట’ పాడితే ముందు వరసే ముందు తల ఊపుతుంది.

ముత్తుస్వామి దీక్షితుల వారి నోటుస్వరాలు సరే సరి. ఇంగ్లీషు బ్యాండు వాయించే మెట్లు తీసుకుని సంస్కృత సాహిత్యం కట్టారు, ‘సంతతం పాహిమాం’ వరస అచ్చంగా ‘గాడ్ సేవ్ ద కింగ్’. అది ఆ రోజుల్లో జనంలో వినపడే సంగీతమే కదా. (అయితే ఆయన బ్యాండు పాటని బ్యాండు పాటగా పాడలేదు, తన సాహిత్యం పెట్టి తనది చేసుకున్నారు. ఈ తేడా చిన్నది కాదు, నేనే ఒప్పుకుంటున్నా.)

ఇంకో తమాషా. ‘శంకరాభరణం’ 1980లో వచ్చింది, అప్పట్నుంచి ఇవాళ్టి దాకా కచేరీల్లో చీటీలు వస్తూనే ఉంటాయి, “శంకరాభరణం సినిమాలో పాట పాడండి” అని. ఏ పాట అంటే ‘బ్రోచేవారెవరురా’. అది మైసూరు వాసుదేవాచార్య గారి ఖమాస్ రాగం కృతి. లేకపోతే ‘మానస సంచరరే’, సదాశివ బ్రహ్మేంద్రులది, సామ రాగం. ఆ చీటీ రాసినవాడు సినిమా పాట అడిగాడా, శాస్త్రీయం అడిగాడా? వేదిక మీద పాడే మనిషికి రెండూ ఒకటే, చీటీ చూసి మూతి ముడుచుకునే కార్యదర్శికే తేడా. మీరు షరతు రాస్తే ‘ఓంకార నాదాను’ వద్దు, ‘బ్రోచేవా’ సరే అని రాస్తారా? గీత ఎక్కడ గీస్తారో ముందు అది చెప్పండి.

లయ_ఉద్యోగి:

నేను మృదంగం వాయిస్తాను, ఇలాంటి చివరి పాటలు బోలెడు వాయించాను, కాబట్టి పక్కవాద్యం వైపు నుంచి చెబుతా.

మొదట ఆ చప్పట్ల సంగతి. హాల్లో తాళానికి కొట్టే చప్పట్లు నిలకడగా ఉండవు, ఎప్పుడూ ముందుకే పరిగెడతాయి. పల్లవి రెండోసారి వచ్చేసరికి హాలు ఒక లయలో, వేదిక ఒక లయలో. అప్పుడు నా ముందు రెండే దారులు, జనంతో పరిగెత్తడం లేదా ప్రధాన కళాకారుణ్ణి పట్టుకుని జనాన్ని వదిలేయడం. పరిగెడితే చరణంలో సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పలికించే తీరులు) నలిగిపోతాయి. వదిలేస్తే చప్పట్లు ఎడాపెడా పడి చివరికి వాటంతటవే ఆగిపోతాయి, ఆ ఆగిపోవడం చెవులకి చాలా ఇబ్బందిగా ఉంటుంది, ఏదో చెడిపోయినట్టు.

రెండోది శ్రుతి. సినిమా పాట ఒక గొంతుకి, ఒక శ్రుతిలో కట్టింది. అదే పాట ఐదు శ్రుతిలో, అంటే ఎత్తు స్థాయిలో పాడే అమ్మాయి ఎత్తుకుంటే పల్లవి హాయిగానే ఉంటుంది, చరణం తారస్థాయికి వెళ్ళేసరికి పీక పట్టుకుంటుంది. ఇక మధ్యలో వచ్చే వాద్య సంగీతం. రికార్డులో అక్కడ వయొలిన్ల దండు ఉంటుంది, ఇక్కడ ఒకే వయొలిన్. దాన్ని ఏదోలా నింపాలి, లేదా వదిలేయాలి. జనం మాత్రం మనసులో రికార్డు వింటుంటారు, వేదిక మీద లేనిదంతా వాళ్ళే కలుపుకుంటారు. అందుకే సగం ప్రాక్టీసుతో వాయించినా మొదట్లో చప్పట్లు పడతాయి.

మీ కమిటీ పెద్దమనిషికి జవాబు అక్కడే ఉంది. పల్లవి మొదటి మాటకే పడే చప్పట్లు పాటని గుర్తుపట్టినందుకు, కళాకారుడు ఇంకా ఏమీ చేయలేదు. చేసినదానికి పడేవి పాట అయ్యాక వస్తాయి. మొదట ఎంత మోగింది, చివర ఎంత మోగింది అని ఆయన్ని అడగండి. కాంభోజి ఆలాపనలో మంచి ప్రయోగం పడినప్పుడు వచ్చే ‘ఆహా’, తొడ మీద వేళ్ళు, తల ఊపడం, ఇవి ఏ లెక్కలోకీ రావు గానీ వేదిక మీద మాకు అన్నీ కనిపిస్తాయి.

కున్నక్కుడి వైద్యనాథన్ గారు వయొలిన్ మీద సినిమా పాటలు వాయిస్తే జనం విరగబడేవారు, ఛాందసులు గొణిగేవారు. కానీ ఆయన ఆ పాటని కృతి వాయించినంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాయించేవారు. నా గొడవ సినిమా పాటతో కాదు, టైం మిగిలింది కదా అని దొర్లించేదానితో.

వెనక_వరస:

ఆ ఫోన్లు ఎత్తిన బ్యాచ్ తరఫున మాట్లాడతా. మీ సభ కాదులెండి, అలాంటిదే ఇంకోటి.

మేం కాంభోజికి చప్పట్లు కొట్టకపోవడానికి కారణం బోర్ కొట్టడం కాదు. ఎప్పుడు కొట్టాలో తెలీక. ఒకసారి ఆలాపన మధ్యలో బాగుందనిపించి ఎవరో రెండు చప్పట్లు కొడితే ముందు వరసలు మొత్తం వెనక్కి తిరిగి చూశాయి, ఆ చూపు తిన్నవాడు ఇంకెప్పుడూ కొట్టడు. కాబట్టి రెండు గంటలు చేతులు కట్టుకుని, పక్కవాళ్ళు కొడితే కొడుతూ, ఆపితే ఆపుతూ, ఎక్కడ తప్పుతామో అన్న టెన్షన్‌తో కూర్చుంటాం. తెలిసిన పాట వచ్చేసరికి ఆ టెన్షన్ అంతా ఒక్కసారి వదిలిపోతుంది. ఈల అందుకే.

ఒక్క చిన్న పని చేయొచ్చు కదా? రాగం పేరు, కృతి పేరు, రాసినవారి పేరు మైకులో ఒక్క ముక్క చెప్పండి. చాలామంది విద్వాంసులు ఏమీ చెప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోతారు, తెలిసినవాడికి చెప్పక్కర్లేదు, తెలియనివాడు ఇంటికెళ్ళి వెతుక్కోవడానికి కూడా ఆధారం ఉండదు. ‘శివశంకరీ’ లాంటి దర్బారీ కానడ రాగం పాట వాయించే ముందు “ఇది దర్బారీ కానడ, హిందుస్తానీ నుంచి మనకి వచ్చింది” అని చెప్పి ఒక రెండు నిమిషాలు ఆలాపన చేస్తే మేం ఫోన్ ఎత్తకుండా వినేవాళ్ళం. (కొందరం.)

పంచమం_సరిగ్గా_ఉండాలి:

వెనక్కి తిరిగి చూసేవాళ్ళలో నేనూ ఉంటాను. ఫోన్ లైటు కళ్ళలో కొడితే ఎవరైనా తిరుగుతారు. రాగం పేరు చెప్పాలన్న మాట మాత్రం బాగుంది, దానికి నా ఓటు.

ఖమాస్ గారికి: గీత గీయడం కష్టమైతే గీయకూడదని ఎక్కడుంది? సినిమాలోకి వెళ్ళిన కృతి కృతే. సినిమా కోసం కట్టిన పాట సినిమా పాటే. ఇందులో నాకే గందరగోళమూ లేదు.

నిలబడి_వింటా:

ఈ గొడవ మనదొక్కటే కాదు. లండన్‌లో ప్రామ్స్ అని వేసవి కచేరీలు జరుగుతాయి, 1895లో క్వీన్స్ హాల్లో మొదలయ్యాయి. నడిపించిన రాబర్ట్ న్యూమన్ ఆలోచనే అది, ముందు జనానికి తెలిసినవి వినిపించి మెల్లగా పెద్ద సంగీతానికి అలవాటు చేయాలని. మొదటి సగం బరువైనవి, రెండో సగం తేలికవి, నిలబడి వినేవాళ్ళకి చవక టికెట్. 1970లో అక్కడ సాఫ్ట్ మెషిన్ అనే రాక్ బృందం వాయించింది. 2015లో పీట్ టాంగ్ అనే డీజే పేరుతో ఇబిజా క్లబ్బుల డాన్స్ పాటలకి ఆర్కెస్ట్రా పెట్టారు, ఆల్బర్ట్ హాల్లో జనం గంతులు. వీటి మీద సణుగుడు అక్కడా మామూలే.

కానీ ఒకటి గమనించండి, ఆ డాన్స్ పాటలు ఏ సింఫనీ తోకకీ కట్టలేదు, అదొక ప్రత్యేక సాయంత్రం. కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలుసు. బాస్టన్‌లో అయితే 1885 నుంచే పాప్స్ అని తేలిక సంగీతానికి వేరే సీజనే ఉంది. మీ దగ్గర అలక ఎందుకు వచ్చిందంటే పెద్దాయన ఒకటి అనుకుని వచ్చాడు, ఆఖర్న ఇంకోటి వచ్చిపడింది. ఏడాదికి ఒక రోజు ‘సినిమాలో రాగాలు’ అని విడిగా పెట్టేయండి.

చప్పట్ల విషయం కూడా చెప్పాలి. 1778లో మొజార్ట్ పారిస్‌లో కొత్త సింఫనీ వినిపించాడు, వాద్యాలు ఇంకా మోగుతుండగానే జనం మధ్యలో చప్పట్లు కొట్టారు. ఆయనకి కోపం రాలేదు సరికదా, ఆ ముక్క జనానికి నచ్చుతుందని తెలిసే రాశాననీ, అందుకే చివర్లో మళ్ళీ తెచ్చాననీ తండ్రికి ఉత్తరం రాశాడు. బిగుసుకుని కూర్చోవడం అక్కడ తర్వాతెప్పుడో వచ్చిన అలవాటు.

లయ_ఉద్యోగి:

విడిగా పెట్టే ఐడియా వినడానికి బాగుంది గానీ ఒక చిక్కుంది. ఆ రోజు హాలు నిండుతుంది, మర్నెల ఖాళీ. అప్పుడు మీ కమిటీ ఆయన మళ్ళీ లెక్క తీస్తాడు. అలా చేసేట్టయితే ఆ ‘సినిమాలో రాగాలు’ రోజునే ప్రతి పాటకీ ముందు అదే రాగంలో ఒక కృతి పెట్టండి, కృతి పూర్తిగా, పాట పూర్తిగా. సగం సగం వద్దు.

సభ_చాకిరీ:

అందరికీ థాంక్స్. లయ గారు అడగమన్న ప్రశ్న కమిటీలో అడిగాను, మొదట ఎక్కువ మోగిందా చివర ఎక్కువ మోగిందా అని. ఆయన కాసేపు ఆలోచించి, చివరికి తను పార్కింగ్ దగ్గర ఉన్నానన్నాడు!

వచ్చే నెల నుంచి ప్రతి అంశానికీ రాగం, కర్త పేరు మేమే ప్రకటిస్తాం, కళాకారుడు చెప్పకపోయినా సరే. షరతు రాతపూర్వకంగా పెట్టడం లేదు, తుక్కడాల జాబితా మాత్రం ముందే అడిగి కరపత్రంలో వేస్తాం, వద్దనుకున్నవాళ్ళు మంగళానికి లోపలికి రావచ్చు. పెద్దాయనకి ఫోన్ చేశాను, చందా ఆపనన్నారు, కుర్రాడి కాంభోజి మాత్రం మళ్ళీ పెట్టించమన్నారు. ‘సినిమాలో రాగాలు’ సంగతి ఇంకా తేలలేదు, కృతి, పాట జంటగా ఎవరైనా ఇప్పటికే పెట్టి ఉంటే ఎన్ని జంటలు సరిపోతాయో చెప్పండి, రెండున్నర గంటల్లో నాలుగు పడతాయని నా అంచనా.