"శేషే తు రాజా": ఆ శేషంలో ఏముంది?

(విశాఖలోని ఒక గుంపులో జరిగిన చర్చ ఇది. మాట్లాడినవాళ్లను వాళ్ల పేటల పేర్లతో చూపించాం.)

మద్దిలపాలెం:
శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికం, తొమ్మిదో అంకం. విచారణ ముగిశాక అధికరణికుడు (న్యాయాధికారి), వసంతసేనను చంపాడన్న నేరం మోపిన చారుదత్తుడితో అనే మాట "నిర్ణయే వయం ప్రమాణం" దాకా నోట్లో ఉంది. ఆ తరవాతది "శేషే తు రాజా"నా, "శేషం తు రాజా"నా? నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభ ఉంది, అధికార పృథక్కరణ (శాసన, కార్య, న్యాయాంగాల అధికారాలను వేరుగా ఉంచడం) మీద ప్రసంగం దీంతో ఎత్తుకుంటే బాగుంటుంది. పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు చెప్పండి.

పెదవాల్తేరు:
శేషే. 'నిర్ణయే' సప్తమి కాబట్టి 'శేషే' కూడా సప్తమి. 'ప్రమాణం' అన్నది రెండో ముక్కకీ వర్తిస్తుంది: నిర్ణయంలో మేము ప్రమాణం, మిగిలినదానిలో రాజు ప్రమాణం. 'శేషం' అని చదివితే "మిగిలినది రాజు" అని అన్వయం చెడుతుంది. ఇక 'తు'ని వదిలేయకండి. 'చ' ఉంటే ఇద్దరినీ కలిపేది, 'తు' ఇద్దరి మధ్య గట్టు వేస్తుంది. మీ ప్రసంగానికి కావలసిందంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది.

సీతమ్మధార:
పాఠం విషయంలో మాస్టారితో పేచీ లేదు. అర్థం దగ్గరే ఆగాలి. 'శేషం' అంటే శిక్ష అమలు అని చాలామంది చదువుకుంటారు. కాదు. ఆ మాట అన్న వెంటనే అధికరణికుడు శోధనకుణ్ణి (న్యాయసభ సేవకుణ్ణి) పిలిచి రాజుకు విన్నవించమంటాడు: ఇతడు విప్రుడు, మనువు చెప్పినట్టు చంపరాదు, ఆస్తి ముట్టకుండా దేశం దాటించాలి అని. పాలకరాజు ఆ సలహాను తోసేసి, సాక్ష్యంగా దొరికిన వసంతసేన నగలే మెడకు కట్టి, డప్పు కొట్టించి, దక్షిణ శ్మశానానికి తీసుకెళ్లి కొరత (శూలం) వేయమంటాడు. అంటే అధికరణికుడి చేతిలో ఉన్నది దోషి అవునా కాదా అన్నంత వరకే, ఏ శిక్ష అన్నది రాజుది. మన దగ్గర రెండూ జడ్జివే. దోషి అని తేల్చాక శిక్ష మీద విడిగా వినాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 235(2), ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 258(2). ఈ వినడం జరగలేదని సంతాసింగ్ కేసులో (1976) సుప్రీంకోర్టు శిక్షను పక్కనపెట్టి సెషన్సు కోర్టుకు తిప్పి పంపింది. అందుచేత మద్దిలపాలెం గారూ, ఈ వాక్యాన్ని పృథక్కరణకు ఉదాహరణగా ఎత్తితే సభలో ఉన్న మొదటి వకీలు లేచి నిలబడతాడు.

పెదవాల్తేరు:
శేషం అంటే శిక్షే అని నాటకంలో ఎక్కడుంది? జరిగిన కథను బట్టి మీరు పదానికి అర్థం కడుతున్నారు. ధర్మశాస్త్రంలో వ్యవహారానికి నాలుగు పాదాలు: భాష, ఉత్తరం, క్రియ, సాధ్యసిద్ధి. అభియోగం, ప్రతివాది జవాబు, సాక్ష్యం, చివరికి తేలినది. 'నిర్ణయం' ఆ నాలుగో పాదం. శేషం అంటే దాని బయట ఉన్న సమస్తమూ. ఇంకో మాట. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసలో 'శేషః పరార్థత్వాత్' అని జైమిని సూత్రం (3.1.2). మరొకదాని కోసం ఉండేదే శేషం, దాన్నే అంగం అన్నారు. ఆ కంటితో చూస్తే రాజు చేసేది నిర్ణయానికి అంగం. కార్యాంగం అనే మన మాటలో 'అంగం' కూర్చున్న చోటు అదే.

సీతమ్మధార:
రంగస్థలం మీద ఒక న్యాయాధికారి ఎదుటివాడి ముఖం చూసి చెప్పే మాటలోకి జైమినిని దింపడం ఎక్కువే మాస్టారూ. పైగా అంగమే అయితే, అంగికి (ప్రధానమైనదానికి) విరుద్ధంగా కొరత ఎలా వేయించింది?

గాజువాక:
శేషం గురించి నా దగ్గర ఒకటుంది, ముందు మద్దిలపాలెం గారికి ఒక మాట. మీరు 'పృథక్కరణ' అని రాశారు, సంతోషం. ఫ్లెక్సీల మీద, పోటీ పరీక్షల పుస్తకాల్లో 'పృథక్కీకరణ' కనిపిస్తోంది. ఆ 'కీ' తప్పు. శుద్ధీకరణ, కేంద్రీకరణ వంటి వాటిలో ఈకారం, కానిది అలా కావడాన్ని చెప్పే చ్వి ప్రత్యయం వల్ల వచ్చింది (పాణిని 5.4.50), అకారాంతానికి చివరి అకారం ఈకారమవుతుంది (7.4.32). 'పృథక్' అవ్యయం, హల్లుతో ముగుస్తుంది. మారడానికి అక్కడ అకారమే లేదు. బహిష్కరణ, తిరస్కరణ ఎలాగో పృథక్కరణ అలాగే. బహిష్కీకరణ అని ఎవరూ అనరు కదా.

భీమిలి:
వాడుకలో నిలిచిన మాటను పాణిని పేరు చెప్పి తీసేయలేం. అయితే ఇక్కడ 'కీ' తీసేయడమే మంచిది, ఒక అక్షరం కలిసొస్తుంది. నా అభ్యంతరం వేరే. సులువుగా ఉంటుందని 'అధికార విభజన' అంటున్నారు. అది కేంద్ర రాష్ట్రాల మధ్య పంపకం, 246వ అధికరణం, ఏడో షెడ్యూలులోని మూడు జాబితాలు. శాసన, కార్య, న్యాయాంగాల మధ్యది పృథక్కరణ. 'వికేంద్రీకరణ' మూడోది, పైనున్న అధికారం కిందికి, పంచాయతీకో పురపాలికకో దిగడం. ఈ మూడు మాటలూ కలిసిపోయిన జవాబుకు మార్కులు రావు. 2020లో రాష్ట్రం చేసిన చట్టం పేరులో ఉన్నదీ వికేంద్రీకరణే. విశాఖ కార్యనిర్వాహక రాజధాని, అమరావతి శాసన రాజధాని, కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. 2021 నవంబరులో దాన్ని రద్దు చేశారు. రాజకీయం ఈ గుంపులో వద్దు, మాట వరకే చెప్తున్నాను. మూడు అంగాలను మూడు ఊళ్లలో కూర్చోబెట్టడం కార్యాలయాల పంపిణీ. ఒకే వీధిలో ఉన్నా పృథక్కరణ ఉండవచ్చు, మూడు ఊళ్లలో ఉన్నా లేకపోవచ్చు. దక్షిణాఫ్రికాకు ప్రిటోరియా, కేప్‌టౌన్, బ్లూమ్‌ఫాంటైన్ అని మూడున్నాయి, అయినా అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది పార్లమెంటే.

మద్దిలపాలెం:
పృథక్కరణ అనే ఉంచుతాను. శేషం సంగతి?

గాజువాక:
అక్కడికే వస్తున్నా. రామ్ జవాయా కపూర్ కేసు, 1955. పాఠ్యపుస్తకాల ప్రచురణను పంజాబు ప్రభుత్వం చట్టం లేకుండా ఉత్తర్వులతోనే తన చేతిలోకి తీసుకుంది, ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. కార్యాంగం అంటే ఏమిటి అన్న ప్రశ్న వచ్చింది. ప్రభుత్వం చేసే పనుల్లోంచి శాసన నిర్మాణాన్నీ న్యాయ నిర్ణయాన్నీ తీసేయగా మిగిలేదే మామూలుగా కార్యనిర్వాహక అధికారం అని ధర్మాసనం చెప్పింది. మిగిలేది! శేషే తు రాజా అంటే ఇదే. మన రాజ్యాంగం పృథక్కరణను పూర్తి కాఠిన్యంతో పాటించలేదన్నదీ ఆ తీర్పే. మాస్టారు చెప్పిన 'బయట ఉన్న సమస్తమూ' సరిగ్గా సరిపోయింది.

సీతమ్మధార:
సరిపోలేదండీ. ఆ తీర్పులో మిగులు తేలేది రెండు తీసేశాక. నాటకంలో తీసేసింది ఒక్కటే, నిర్ణయం. శాసనం రాజు దగ్గరే ఉండిపోయింది. ఆ నాటకంలోనే చారుదత్తుడు అంటాడు చూడండి, 'రాజ్ఞః శాసనదూషకైః' అని. రాజశాసనాన్ని చెడగొట్టే ఇలాంటివాళ్ల వల్ల నిరపరాధులు వేలమంది చచ్చారు, చస్తున్నారు అని. అక్కడ శాసనం అంటే ఆజ్ఞ, అదీ రాజుదే.

పెదవాల్తేరు:
మంచి చోట పట్టుకున్నారు. రాతి మీద చెక్కినా రాగిరేకు మీద గీసినా శాసనం అంటే రాజాజ్ఞే, అంటే కార్యాంగపు మాట. దాన్ని తెచ్చి 'శాసనసభ' అని శాసనాంగానికి తగిలించాం. పాత అర్థం పూర్తిగా పోలేదు, ఆర్డినెన్సులో బతికే ఉంది. 123, 213 అధికరణాలు. సభ సమావేశంలో లేనప్పుడు మంత్రివర్గం సలహా మీద రాష్ట్రపతో గవర్నరో చేసేది, అచ్చంగా రాజశాసనం. సభ తిరిగి కూడాక ఆరు వారాలు దాటితే చెల్లదు. సభ ముందు పెట్టకుండా అదే ఆర్డినెన్సును మళ్లీ మళ్లీ జారీ చేయడాన్ని బీహారు విషయంలో వాధ్వా కేసులో (1986) తప్పుపట్టారు.

భీమిలి:
శేషం, శిక్ష అంటూ పైనే తిరుగుతున్నాం. నేల మీద గీత ఎక్కడుందో చెప్తాను. 50వ అధికరణం న్యాయాన్ని కార్యనిర్వాహకం నుంచి వేరు చేయమంది. మొదటి ప్రతిపాదనలో మూడేళ్ల గడువు ఉండేది, చర్చలో తీసేశారు. రాజ్యాంగ సభ సభ్యుడు కె.టి. షా మూడు అంగాలకూ పూర్తి పృథక్కరణ కావాలని 1948 డిసెంబరులో సవరణ తెస్తే ఓడిపోయింది. దాదాపు దేశమంతటికీ ఒకేలా గీత పడింది 1974 ఏప్రిల్ 1న, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో. అందులో 3(4) చదవండి: సాక్ష్యాన్ని తూచాల్సినదీ శిక్షకో నిర్బంధానికో దారి తీసేదీ అయితే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు, లైసెన్సు ఇవ్వడం వంటి పాలనా పని అయితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. 'నిర్ణయే' ఒకరికి, 'శేషే' ఒకరికి. కొత్త సంహితలోనూ ఆ గీత ఉంది.

గీత చెరిగే చోట్లూ ఉన్నాయి. తాసిల్దారు ముందు బైండోవర్ (సత్ప్రవర్తనకు పూచీ రాయించుకోవడం) జరుగుతుంది. విశాఖ నగరంలో పోలీసు కమిషనరేటు కాబట్టి గుమిగూడవద్దనే పాత 144 (ఇప్పుడు 163) ఉత్తర్వు కమిషనరే ఇస్తారు. ఆ ఉత్తర్వును అమలు చేసేదీ ఆయన కింది పోలీసులే.

అన్నిటికన్నా పెద్దది మన ఏజెన్సీ (గిరిజన కొండ ప్రాంతం). 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టింది, గవర్నరు ఏజెంటు హోదాలో. ఆ ఏజెంటు అనే మాట పోలేదు. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, 1970 సవరణతో కలిపి, పాడేరు వైపు గిరిజన భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్తే విచారించేది స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. అప్పీలు ఏజెంటుకు, అంటే కలెక్టరుకే. గిరిజనుడి భూమి కాపాడేందుకే పెట్టారు, ఉద్దేశం గొప్పది. కానీ సాక్ష్యం తూచేవాడూ ఖాళీ చేయించేవాడూ ఒకే శాఖవాళ్లు. అక్కడ నిర్ణయే రాజా, శేషే కూడా రాజా. న్యాయమూర్తి ముఖం కనబడాలంటే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు రిట్ వేయాలి.

సీతమ్మధార:
ఇది ప్రసంగంలోకి తప్పకుండా రావాలి. ఇంకొకటి కూడా. అదే అంకంలో శకారుడు, చారుదత్తుడి మీద తన ఫిర్యాదు వినకపోతే బావగారైన రాజుతో చెప్పి ఈ అధికరణికుణ్ణి తీసేయించి ఇంకొకణ్ణి పెట్టిస్తానని బెదిరిస్తాడు. అధికరణికుడు తగ్గి, ఫిర్యాదు తీసుకుంటాడు. పృథక్కరణ ఎక్కడ విరిగిందో అక్కడ చూడాలి. శేషం రాజుదా కాదా అన్నది తరవాతి మాట. కుర్చీకి భద్రత లేనివాడి నిర్ణయం ప్రమాణం కాలేదు. అందుకే రాజ్యాంగం 124(4): సుప్రీంకోర్టు జడ్జిని తొలగించాలంటే ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా కావాలి. కింది కోర్టుల మీద అదుపు రాజ్యాంగం 235వ అధికరణం కింద హైకోర్టుకే, సెక్రటేరియటుకు కాదు.

గాజువాక:
శకారుడి అధికారం మాట వస్తే సుమతి పద్యం గుర్తొచ్చి తీరాలి.

అధరము కదిలియు గదలక
మధురములగు భాష లుడిగి మౌనస్థుడౌ
నధికార రోగ పూరిత
బధిరాంధక శవముఁ జూడఁ బాపము సుమతీ!

అధికారాన్ని రోగం అన్నాడు. పెదవి కదిలీ కదలదు, చెవి వినదు, కన్ను చూడదు, బతికున్న శవం.

పెదవాల్తేరు:
పద్యం గొప్పది, మీరు రాసిన రెండో పాదం కుంటుతోంది. 'మౌనస్థుడౌ' అంటే ఒక మాత్ర తక్కువ. లెక్క వేయండి: మధురము, లగుభా, షలుడిగి, మూడు గణాలూ నాలుగేసి మాత్రలు. మిగిలిన రెండు గణాలకు ఎనిమిది కావాలి. మౌ రెండు, సంయుక్తం ముందు న రెండు, స్థు ఒకటి, డౌ రెండు, మొత్తం ఏడు. 'మౌనవ్రతుడౌ' అనాలి, ఎనిమిది సరి. ఆరో గణం నలం, చివర సగణం, మ-మౌ యతి, అన్నీ కుదురుతాయి.

గాజువాక:
ఒప్పుకున్నాను, 'స్థుడౌ' నిలవదు. కానీ 'మౌనస్థితుడౌ' అన్నా ఎనిమిదే. గణాలూ అవే, యతీ అదే. వ్రతమైతే ఎంచుకుని పట్టింది. అధికారి మౌనం వ్రతం కాదు, అది రోగ లక్షణం. కాబట్టి 'స్థితుడౌ' నాకు బాగుంది.

పెదవాల్తేరు:
ఎంచుకుని పట్టాడు కాబట్టే చూడ పాపము. రోగి అయితే జాలిపడాలి.

సీతమ్మధార:
రోగమని పద్యంలోనే ఉంది కదా మాస్టారూ.

మద్దిలపాలెం:
నా వాక్యం 'శేషే' అని రాసుకున్నాను. అర్థం దగ్గర ఇప్పుడు నాలుగున్నాయి: శిక్షా నిర్ణయం, అంగం, మిగులు, ఆజ్ఞ. రాజ్యాంగం 72, 161 అధికరణాల కింద క్షమాభిక్ష ఐదోది అవుతుందా? నిర్ణయం కోర్టుది, దాని తరవాత మిగిలిన దయ రాష్ట్రపతిదో గవర్నరుదో.

సీతమ్మధార:
అవుతుంది, కానీ ఆ శేషం కూడా పూర్తిగా రాజుది కాదు. మారూరామ్ (1980): మంత్రివర్గ సలహా ప్రకారమే నడవాలి. ఏపూరు సుధాకర్ (2006), అది మన రాష్ట్రపు కేసే: గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు కొట్టేసింది. సంబంధం లేని విషయాలు చూసి ఇస్తే నిలవదు. అక్కడ 'తు' కాస్త 'చ' అయిపోయింది.

పెదవాల్తేరు:
'తు' ఎప్పుడూ 'చ' కాదు. పాదపూరణానికి వచ్చే 'తు' కూడా ఉంది, కానీ ఇది వచనం, పూరించడానికి పాదం లేదు. కాబట్టి భేదార్థమే.

భీమిలి:
వచనమే అని ఖాయమా మాస్టారూ? వెనువెంటనే వచ్చే మనువు మాట శ్లోకం కదా.

పెదవాల్తేరు:
శ్లోకం 'అయం హి పాతకీ విప్రః' దగ్గర మొదలవుతుంది. ఇది దానికి ముందుది. రాత్రికి ఆ పుట ఫొటో తీసి పెడతాను.