స్విట్జర్లాండ్ బిల్డింగ్ సెల్లార్‌లో అణు షెల్టర్: ఫ్యాన్, ఫిల్టర్, తలుపు గురించి సందేహాలు

జూరిక్_తెలుగు:
మేం అద్దెకుంటున్న బిల్డింగ్ సెల్లార్‌లో కాంక్రీటు నింపిన ఉక్కు తలుపు, చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్న ఫ్యాన్, పక్కనే సీలు వేసిన పెద్ద డబ్బా ఉన్నాయి. ఫ్యాన్ మీద ‘వీఏ 75’ అని ఉంది. గదినిండా అందరి సూట్‌కేసులు, సైకిళ్లే. ఇది ఎంతమందికి సరిపోతుంది? డబ్బా తెరిచి చూడొచ్చా? మనలాంటి విదేశీయులకూ చోటిస్తారా?

బెర్న్_కట్టడాలు:
చోటు తప్పకుండా ఇస్తారండీ. ఇక్కడ స్థిరంగా ఉండే ప్రతి ఒక్కరికీ ఇంటి దగ్గర్లో ఒక చోటు ఉండాలన్నదే నియమం, పాస్‌పోర్టుతో పనిలేదు. 1963 నాటి చట్టం నుంచి ఆ లెక్కనే కడుతూ వచ్చారు. ఇప్పుడు దేశంలో సుమారు 3,70,000 షెల్టర్లు, 90 లక్షల చోట్లు ఉన్నాయి. అయితే మీ బిల్డింగ్‌లోదే మీదని అనుకోవద్దు. ఎవరెక్కడికి వెళ్లాలో స్థానిక అధికారులు కేటాయిస్తారు, పరిస్థితి ముదిరినప్పుడే ఆ వివరాలు చెబుతారు.

వీఏ 75 అంటే ఫిల్టర్ గుండా గంటకు 75 ఘనపు మీటర్ల గాలి. మనిషికి 3 చొప్పున 25 మందికి. ఫిల్టర్ లేకుండా నేరుగా లాగితే మనిషికి 6 వస్తుంది. చోటు మాత్రం మనిషికి 1 చదరపు మీటరు నేల, 2.5 ఘనపు మీటర్లు, అంతే.

గాలి_లెక్క:
గోడల మందం చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు గాలి సంగతి మర్చిపోతారు. ఊరికే కూర్చున్న మనిషి కూడా గంటకు సుమారు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఆ 2.5 ఘనపు మీటర్లలో ఫ్యాన్ ఆగిపోతే రెండున్నర గంటల్లో అది 2 శాతానికి చేరుతుంది, తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. కరెంటు పోయినా వంతులవారీగా తిప్పడానికే ఆ హ్యాండిల్.

బయటి గాలి పేలుడు తాకిడికి మూసుకునే వాల్వు దాటి లోపలికొస్తుంది. దాన్ని ఫ్యాన్ నేరుగానో, గ్యాస్ ఫిల్టర్ గుండానో లాగుతుంది. లోపలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువుంటుంది కాబట్టి సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఎండి పగిలితే ఆ ఒత్తిడి నిలవదు. వేలితో నొక్కి చూడండి, లోపలికి నొక్కుకుని మళ్లీ పైకి లేవాలి. రంగులేసేటప్పుడు దానిమీద కూడా పూసేస్తే గట్టిపడి పాడవుతుంది.

సీలు వేసిన డబ్బాయే గ్యాస్ ఫిల్టర్. దాన్ని తెరవకండి. లోపలి కార్బన్‌కు తేమ పడితే పీల్చుకునే శక్తి తగ్గిపోతుంది. సీలు ఊడి కనిపిస్తే ఇంటి యజమానికి చెప్పండి.

జూరిక్_తెలుగు:
చాలా థ్యాంక్సండీ. సామాన్లు తీసేయాలా? గోడకు అరలు బిగించొచ్చా?

బెర్న్_కట్టడాలు:
సామాన్లు ఉండొచ్చు. ఆదేశం వస్తే 5 రోజుల్లో గది ఖాళీచేసి సిద్ధం చేయగలగాలి. వాల్వుకీ, అత్యవసర ద్వారానికీ ఏదీ అడ్డం పెట్టొద్దు. అనుమతి లేకుండా గోడకు రంధ్రం వేయొద్దు. థర్మాకోల్, ప్లైవుడ్ అసలే వద్దు. 25 మంది ఒంటివేడి దాదాపు 2,500 వాట్లు, దాన్ని పీల్చుకోవాల్సింది ఆ కాంక్రీటే.

లూసర్న్‌లోని సొనెన్‌బెర్గ్ సొరంగాన్ని 1976లో 20,000 మందికి షెల్టర్‌గా సిద్ధం చేశారు. 1987లో మాక్ డ్రిల్ చేస్తే 350 టన్నుల తలుపుల్లో ఒకటి పూర్తిగా మూసుకోలేదు. తర్వాత దాన్ని 2,000 మందికి కుదించారు. నన్నడిగితే పాతికమంది షెల్టరే మేలు. తలుపు తేడా చేస్తే వారంలో సరిచేయించుకోవచ్చు.

గాలి_లెక్క:
ఎన్నాళ్లుండాలన్నది కూడా తెలుసుకోండి. పేలుడు తర్వాత రాలే ధూళి వికిరణం, సమయం 7 రెట్లయ్యేసరికి పదో వంతుకు పడిపోతుంది. పేలిన గంట తర్వాత 100 ఉన్నది 7 గంటల తర్వాత 10, 49 గంటల తర్వాత 1. ఆ ధూళి గామా కిరణాలను ప్రతి 6 సెంటీమీటర్ల కాంక్రీటు సగం చేస్తుంది. 30 సెంటీమీటర్లు దాటి వచ్చేది 32వ వంతే. మొదటి రెండు రోజులూ తలుపు తెరవకుండా ఉండటమే అసలు పని. మనిషికి 9 లీటర్ల నీళ్లు ఇంట్లో ఎప్పుడూ ఉంచమని ప్రభుత్వమే చెబుతోంది.

అణు విద్యుత్ కేంద్రాలకు 50 కిలోమీటర్లలోపు ఇళ్లకిచ్చే అయోడిన్ మాత్రలు థైరాయిడ్‌ను మాత్రమే కాపాడతాయి, ధూళి నుంచి వచ్చే గామాను ఆపవు. అధికారులు చెప్పాకే వేసుకోవాలి.

ఫిబ్రవరి మొదటి బుధవారం మధ్యాహ్నం 1:30కి మోగే సైరన్ పరీక్ష కోసమే. మరే రోజైనా నిమిషంపాటు హెచ్చుతగ్గులుగా మోగితే వెంటనే సెల్లార్‌కు పరుగెత్తకండి. ముందు రేడియో పెట్టండి, లేదా అలర్ట్‌స్విస్ యాప్ చూడండి, ఎటు వెళ్లాలో అందులోనే చెబుతారు.