అప్‌డేట్: రూథర్‌ఫర్డ్ పాఠం గోళీలతో వర్కవుట్ అయింది
రూథర్‌ఫర్డ్ బంగారు రేకు ప్రయోగం (పల్చటి బంగారు రేకు మీదకి ఆల్ఫా కణాలు, అంటే ధనావేశమున్న అతి చిన్న కణాలు వదిలి, పరమాణువు లోపల ఏముందో కనుక్కున్నది) తొమ్మిదో తరగతి పిల్లలకి ఎక్కట్లేదు, బట్టీ పడుతున్నారు అని అడిగా కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ. గోళీల ఐడియానే పనిచేసింది: అట్ట కింద కనపడకుండా చెక్కముక్క పెట్టి పక్కల నుంచి గోళీలు దొర్లించమన్నా, ఎటు తిరిగొస్తున్నాయో గీసుకుని లోపలి ఆకారం వాళ్లే చెప్పేశారు, ఇక ఆల్ఫా కణాలు వేలల్లో ఏదో ఒకటి వెనక్కొచ్చిందంటే పరమాణువు మధ్యలో చిన్న కేంద్రకం ఉన్నట్టే అని నేను విడిగా చెప్పక్కర్లేకపోయింది. రూథర్‌ఫర్డ్ జీవిత విశేషాల్లో న్యూజిలాండ్‌లో పుట్టడం, 1871 అవన్నీ ఎవరూ పట్టించుకోలా, 1909లో మాంచెస్టర్‌లో ఆయన ల్యాబ్‌లో ఆ ప్రయోగం చేసిన మార్స్‌డెన్‌కి 20 ఏళ్లే, ఇంకా స్టూడెంటే అనగానే లేచి కూర్చున్నారు. ఫిజిక్స్ మనిషైన రూథర్‌ఫర్డ్‌కి 1908 నోబెల్ వచ్చింది కెమిస్ట్రీలో అంటే ఒకటే నవ్వు. యానిమేషన్, ప్రొజెక్టర్ అవసరమే పడలేదు. అట్ట మాత్రం పెద్దది తీసుకోండి, చిన్నదైతే వంగి చూసేస్తారు.