రిపోర్టు నార్మల్ వచ్చింది, రోసువాస్టాటిన్ ఆపేయొచ్చా?

మిర్చియార్డు:
నాకు 44. గుంటూరులో కమీషన్ కొట్టు. మా నాన్నకి 51 ఏళ్లకే బైపాస్ అయింది. ఆ భయంతో నవంబరులో రక్తం ఇస్తే ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 165. అది తగ్గడానికి డాక్టరుగారు రోసువాస్టాటిన్ 10 రాశారు. మూడు నెలలకి మళ్లీ చేయించా: టోటల్ కొలెస్ట్రాల్ 158, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 39, ట్రైగ్లిజరైడ్స్ 155, ఎల్‌డీఎల్ 88. నార్మలే కదా! "లివరు పాడవుద్ది, ఆపెయ్ బావా" అని మా బావమరిది ఒకటే గోల. పైగా వారం నుంచి పిక్కలు లాగుతున్నాయి. ఇంకోటి, రిపోర్టు చివర ఎల్‌పీ(ఏ) 92 అని ఉంది. ఆవకాయ మానేస్తే తగ్గుద్దా?

ల్యాబ్ అన్నయ్య:
తమ్ముడూ, ముందు ఆ 88 సంగతి చూద్దాం. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవం, లెక్కగడతాం. నీ 158లోంచి హెచ్‌డీఎల్ 39 తీసెయ్. 155ని 5తో భాగిస్తే 31, అదీ తీసెయ్. 88. (ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనికిరాదు.)

అది మాత్ర తెచ్చిపెట్టిన 88. నీ మాత్ర స్టాటిన్ రకం, అది లివరులో కొలెస్ట్రాల్ తయారీకి అడ్డుపడుతుంది. మీ కొట్లో సరుకు నిండుకుంటే యార్డు నుంచి బస్తాలు లాక్కురారూ? లివరూ అంతే, ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్లు పెంచుకుని రక్తంలో ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. మాత్ర ఆపావంటే కొన్ని వారాల్లో మళ్లీ 165 దగ్గరికే.

నేనైతే భయపడేది ఆ 92 చూసి. ఎల్‌పీ(ఏ) అంటే ఎల్‌డీఎల్ లాంటి కణానికే ఇంకో ప్రోటీను అతుక్కుని ఉంటుంది. పుట్టుకతో వచ్చేది. డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కిందే లెక్క. ఆవకాయ మానినా, తెల్లారుజామున నడిచినా పెద్దగా కదలదు. స్టాటిన్‌కీ లొంగదు. అందుకే చేతిలో ఉన్న ఎల్‌డీఎల్‌ని ఇంకా కిందికి దించాలని చూస్తారు. నువ్వేమో ఆపేస్తానంటున్నావు! ఈ కాగితం డాక్టరుగారికి చూపించు. మీ తోబుట్టువులకీ ఈ పరీక్ష చేయించు, మామూలుగా జన్మకి ఒక్కసారి చాలు.

స్టెంటు బాబాయ్:
పిక్కల సంగతి నేను చెప్తా. స్టాటిన్ పడక మానేసిన 60 మందికి ఇంగ్లండులో కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. అసలు మాత్రతో పడ్డ బాధలో 90 శాతం ఉత్తుత్తి దానితోనూ పడ్డారు. 2020లో వచ్చింది ఆ ఫలితం. అలాగని అందరిదీ భ్రమ అనను. నాకు సీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేస్తే థైరాయిడ్ తక్కువని తేలింది. అది తగ్గితే కొలెస్ట్రాలూ పెరుగుద్ది, కండరాలూ లాగుతాయి. మూత్రం డికాషన్ రంగులో వచ్చిందా, ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తు. లివరు నిజంగా పాడవడం బహు అరుదు, మీ బావమరిదికి చెప్పు.

మిర్చియార్డు:
అన్నయ్యా, బాబాయ్, మాత్ర ఆపను. సీజను కదా, వారం నుంచి రోజంతా బస్తాలెక్కి దిగుతున్నా. ఆ నొప్పి దానిదేనేమో, అయినా సీకే చేయిస్తా. అక్కకి ఫోన్ చేశా, రేపే ఎల్‌పీ(ఏ)కి రక్తం ఇస్తానంది. పరగడుపున వెళ్లాలా?

ల్యాబ్ అన్నయ్య:
దీనికి అక్కర్లేదు. ఇడ్లీ తినే వెళ్లమను.