నాన్నగారికి తీసి పెట్టుకునే పళ్లు: యాక్రిలిక్, నైలాన్, లోహం – దేనితో హాయిగా తినగలుగుతారు?

ప్రశ్న (పెరంబూర్, చెన్నై)

మా నాన్నగారికి 71 ఏళ్లు. ఇక్కడి రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. కింది దవడలో రెండు వైపులా నమిలే పళ్లు పోయాయి. ముందు వైపు ఎనిమిది పళ్లు గట్టిగానే ఉన్నాయి. రెండేళ్ల కిందట చేయించిన యాక్రిలిక్ సెట్టు ఇప్పుడు రుమాలులో చుట్టి చొక్కా జేబులో ఉంటోంది. అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ పోసుకుని, మాకంటే ముందే వంటింట్లో ఒక్కరే తినేసి లేస్తారు. ఆయనకు చేగోడీలంటే ప్రాణం. ఈ సంక్రాంతికి అమ్మ చేసిన చేగోడీల డబ్బాను మనవడి చేతిలో పెట్టి, "నాకు ఆకలి లేదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

మళ్లీ యాక్రిలిక్, వంగే నైలాన్ సెట్టు, కోబాల్ట్-క్రోమియం లోహపు చట్రం – డాక్టరుగారు ఈ మూడూ చెప్పారు. లోహానికి ఖర్చు బాగా ఎక్కువ. నైలాన్‌కు లోహపు కొక్కేలుండవని నాన్నగారు దానివైపే మొగ్గుతున్నారు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. ఆయన మళ్లీ మాతో కూర్చుని తినాలి. తెలిసినవారు చెప్పండి.

జవాబు (విల్లివాక్కం)

నాది నైలాన్ సెట్టు. తేలిక, ఎవరికీ తెలియదు. అయితే నాకు పోయినవి పైన రెండే, వాటికి అటూ ఇటూ సొంత పళ్లున్నాయి. మూడో ఏట అందులోని ఒక పన్ను ఊడింది. పన్ను నైలాన్‌కు అతుక్కోదని, పంటికి చేసిన రంధ్రాల్లో నైలాన్ దూరి పట్టుకుంటుందని ల్యాబ్ అతను చెప్పాడు. చివరికి కొత్త సెట్టే చేయించుకోవలసి వచ్చింది.

జవాబు (కట్టుడు పళ్ల వైద్యుడు, అడయారు)

అమ్మా, నమిలేటప్పుడు బరువు ఎక్కడ పడుతుందో ముందు చూడాలి. మీ నాన్నగారి సెట్టుకు వెనక వైపు ఆనడానికి పన్ను లేదు. పళ్లు ఎక్కడ పోయాయన్నదాన్ని బట్టి 1925లో కెనెడీ అనే దంతవైద్యుడు చేసిన వర్గీకరణలో ఇది మొదటి తరగతి, అంటే రెండు వైపులా వెనక పళ్లు లేకపోవడం. మామూలు యాక్రిలిక్, నైలాన్ సెట్లు బరువంతా చిగురు మీదే మోపుతాయి. చిగురు మెత్తన కాబట్టి సెట్టు వెనక కుంగి, ముందు లేచి, ఒరుసుకుంటుంది. లోహపు చట్రానికి చిన్న ఆనికలు ఉంటాయి, మేము వాటిని రెస్ట్ అంటాం. సొంత పంటి మీద కాస్త గుంట చేసి వాటిని కూర్చోబెడతాం. అప్పుడు బరువులో కొంత పన్ను మోస్తుంది. నాలుక వైపు వెడల్పాటి పలక బదులు సన్నటి కడ్డీ వస్తుంది కాబట్టి నాలుకకు చోటుంటుంది. వెనక చిగురు మీది భాగం యాక్రిలిక్‌తోనే చేస్తారు. ఎముక అరిగి వదులైతే లోపలి వైపు మళ్లీ నింపించుకోవచ్చు. నైలాన్‌కు ఆ పని తేలిక కాదు. కొక్కెం కొంచెం కనబడుతుంది, నిజమే, కానీ కింది పెదవి చాలావరకు కప్పుతుంది.

యాక్రిలిక్‌ను తీసిపారేయకండి. రేపు ఇంకో పన్ను తీయవలసి వస్తే సులువుగా చేర్చగలిగేది దానికే. నికెల్ పడనివారైతే ఆ లోహంలో ఏమేమి ఉన్నాయో ముందే అడగాలి. ఏ సెట్టయినా రాత్రి తీసి నీళ్లలో ఉంచాలి. లోహం ఉన్నదాన్ని బ్లీచింగ్ నీళ్లలో వేయకూడదు.

నోటి బాధలు రోజువారీ జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతున్నాయో కొలిచే ఓహెచ్ఐపీ-14 అనే ప్రశ్నావళి ఉంది. 14 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4. మొత్తం 56లో ఎంత తక్కువ వస్తే అంత హాయి. ఇప్పుడొకసారి, కొత్త సెట్టు పెట్టిన రెండు నెలలకు ఒకసారి ఆయనతోనే నింపించండి.

ప్రశ్న అడిగినవారు

నిన్న రాత్రి నాన్నగారి పక్కన కూర్చుని నింపించాను. నొప్పికి 2 వేశారు. నలుగురిలో సిగ్గుగా ఉంటోందా అన్న దగ్గర చాలాసేపు ఆగి 4 వేశారు. ఒక పెళ్లి పంక్తిలో సెట్టు లేచి టకటకమంటే పక్కనున్న కుర్రవాడు తిరిగి చూశాడట. ఇన్నాళ్లూ మాకెవరికీ చెప్పలేదు. మరి కొక్కేలు కనబడితే ఎలా నాన్నా అంటే, "జీవితమంతా లోహంతోనే గడిపాను, దానికి సిగ్గేమిటమ్మా? కదలకుండా ఉంటే చాలు" అన్నారు.

శనివారం డాక్టరుగారి దగ్గరకు వెళ్తున్నాం. ఆనికలు ఏ పళ్ల మీద వస్తాయి, ఆ పళ్లు అంత బరువు మోయగలవా అని అడగడానికి రాసి పెట్టుకున్నాను.