మెకానిక్ వంద కిలోమీటర్ల అవతల ఉంటే ఆ బండి మనదేనా? (నల్లగొండ, సెకండ్ హ్యాండ్ డుకాటీ, ఆరు నెలలు)

ఎరువుల_కొట్టు (చర్చ పెట్టింది నేనే):
మొన్న క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతుంటే మొదలైన గొడవ ఇది. అక్కడ తేలలేదు, ఇక్కడికి తెచ్చాను. మా దోస్తు అన్న మాట: "పానా పట్టేటోడు ఊళ్లో లేనప్పుడు ఆ బండి నీది కాదు, నువ్వు దాంట్ల కిరాయికుంటున్నవ్." నాకు మండింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే సగం నిజమే అనిపించి ఇంకా మండింది.

నా సంగతి చెప్తాను. 1992లో ఆర్‌ఎక్స్ 100తో మొదలు. తర్వాత బుల్లెట్, పల్సర్, మళ్లీ బుల్లెట్. బండి లేని రోజు గుర్తు లేదు. పోయిన నవంబరులో హైదరాబాద్‌లో ఇటలీ కంపెనీ డుకాటీ వాళ్ల 2016 మోడల్ స్క్రాంబ్లర్ ఐకాన్ కొన్నాను. 803 సీసీ, మీటరు మీద 9,400 కిలోమీటర్లు, ఇచ్చింది 5 లక్షల 20 వేలు. కొట్టుకు పోయి రావడానికి కాదు, దాని మీద యూరియా బస్తా ఎట్లాగూ పట్టదు. యాభై దాటాక ఒక కోరిక, అంతే.

చౌటుప్పల్ దాటి చిట్యాల దాకా విజయవాడ రోడ్డు మీద వచ్చేటప్పుడు నవ్వుకుంటూనే వచ్చాను. నార్కట్‌పల్లి దగ్గర మళ్లి ఊళ్లోకి వచ్చాక మాత్రం నవ్వు తగ్గింది. బుల్లెట్ టాప్ గేరులో నలభైలో కూడా పెద్దమనిషిలా పోతుంది. ఇది నాలుగో గేరులో నలభై అంటే చైన్ టకటకలాడించి తల విదిలిస్తుంది. కింది గేరు వేయి, నన్ను తిరగనివ్వు అంటుంది. ముప్పై ఏళ్ల అలవాటును ఎడమ కాలు మర్చిపోవడానికి నెల పట్టింది.

ఇప్పుడు ప్రశ్న. నేను చేసింది తెలివైన పనా, కాదా? మొహమాటం లేకుండా చెప్పండి.

మిర్యాలగూడ_మిల్లు:
అన్నా, కాదు. ఆ డబ్బుకు కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 వచ్చి ఇంకా కొంత మిగిలేది. సర్వీసు నల్లగొండలోనే. ఇంకో మాట, నువ్వు ఇటలీ అన్నావు గానీ మన దేశానికి వచ్చిన స్క్రాంబ్లర్లు థాయ్‌లాండ్ ఫ్యాక్టరీలో బిగించినవి.

ఎరువుల_కొట్టు:
థాయ్‌లాండ్ సంగతి తెలిసే కొన్నాను తమ్ముడూ. ఎక్కడ బిగించారన్నది కాదు, ఎట్లా ఆలోచించారన్నది నాకు కావాలి. ఒక ముచ్చట చెప్తాను.

తెచ్చిన మూడో రోజు మా వీధి మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. చేయించడానికి కాదు, చూపించడానికి. పాతికేళ్లుగా నా బండ్లన్నీ ఆయన చేతిలోనే. ఇంజను ఆన్‌లో పెట్టించి, పెద్ద స్క్రూడ్రైవర్ మొన హెడ్డుకు ఆనించి పిడికి చెవి పెట్టాడు. చాలాసేపు విన్నాడు. "అన్నా, వాల్వులు లూజున్నయి, టపటప కొడుతున్నయి" అన్నాడు. లేదు, ఈ ఇంజనులో వాల్వును మూసేది స్ప్రింగు కాదు, తెరవడానికి క్యాము నెట్టే ఒక రాకర్ (మీట), మూయడానికి ఇంకో రాకర్ అని చెప్పాను. డెస్మో అంటారు. డుకాటీలో ఫాబియో టాలియోని అనే ఇంజనీరు 1956లోనే రేసు బండికి పెట్టాడు, ఇప్పటికీ చాలా మోడళ్లలో అదే. ఆయన నమ్మలేదు. రాత్రి ఫోన్‌లో వీడియో చూసి పొద్దున్నే కొట్టుకు వచ్చాడు. "మూయనీకి గూడ క్యామేనా! స్ప్రింగు మీద నమ్మకం లేదా వాళ్లకు?" అని ఒకటే నవ్వు. ఆ ఒక్క పొద్దుకే నాకు లక్ష రూపాయలు గిట్టాయి.

కానీ చేయి పెట్టనన్నాడు. "వాల్వు సందు సరిచేసే షిమ్ము బిళ్లలు తెప్పిస్తె వేస్తగాని, కొలత తప్పితే పాపం నాది" అన్నాడు. వాల్వుల కొలత చూడాల్సింది ప్రతి 12,000 కిలోమీటర్లకు. దానికి హైదరాబాద్ పోవాల్సిందే.

పాలమూరు_గ్యారేజ్:
మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా అభిప్రాయం వేరే.

"ఊళ్లో మెకానిక్" అనే మాట కార్బరేటర్ రోజులది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక లక్ష రూపాయల బండికి కూడా ఫ్యూయల్ ఇంజెక్షనే, సెన్సర్లే. మీటరులో ఇంజను లైటు వెలిగితే నాలాంటోడు ఏం చేస్తాడు? స్కానర్ ఉంటే పెడతాడు, లేకపోతే షోరూంకు పొమ్మంటాడు. మిల్లు అన్నా, నీ 650 కూడా నా చేతికి సగమే అందుతుంది. వంద కిలోమీటర్ల దూరం డుకాటీకే కాదు, మనందరికీ వచ్చింది. కాకపోతే మీకు షోరూం దగ్గర, ఆయనకు దూరం.

ఎరువుల కొట్టు సార్‌ను నేను అడగాల్సింది ఒకటే. బెల్టులు మార్పించారా? ఈ ఇంజనులో క్యామును తిప్పేది చైన్ కాదు, రబ్బరు బెల్టు. రబ్బరుకు కిలోమీటర్లు ఒక్కటే లెక్క కాదు, ఏళ్లు కూడా లెక్కే. బండి షెడ్డులో నిలబడి ఉన్నా అది ముసలిదవుతుంది. తెగిందా, వాల్వు పోయి పిస్టన్‌కు తగులుతుంది. ఇక ఇంజను ఖర్చు మీరే ఊహించుకోండి.

ఎరువుల_కొట్టు:
అక్కడే నేను బోల్తా పడ్డాను సార్. "తక్కువ తిరిగింది" అని మురిసిపోయి కొన్నాను. ఇంటికి తెచ్చి కడుగుతుంటే వెనక టైరు పక్కన నాలుగంకెలు కనపడ్డాయి: 3515. అంటే 2015వ సంవత్సరం 35వ వారంలో తయారైన టైరు. అమ్మినాయన "అంతా ఒరిజినల్ సార్, షోరూం టైర్లే" అని గొప్పగా చెప్పాడు. అబద్ధం ఆడలేదు పాపం. గోరుతో నొక్కితే గోరే వంగింది. ఆ టైర్ల మీద వంద కిలోమీటర్లు నవ్వుకుంటూ వచ్చాను!

బెల్టులూ అంతే, ఒక్కసారి కూడా మార్చలేదు. బెల్టులు, వాల్వుల చెక్, ఆయిల్, టైర్ల జత, అన్నీ కలిపి 80 వేలు దాటింది. మీటరు చూసి కొన్నాను, పుట్టిన తేదీ చూడలేదు. ఇది బండి తప్పు కాదు, అమ్మినాయన తప్పు కూడా పావలా వంతే. మిగతాది నాది.

జడ్చర్ల_జంక్షన్:
నేను చేతులు కాల్చుకున్నవాణ్ణి, నా మాట కూడా వినండి. కంపెనీ పేరు చెప్పను. నాదీ వాడిన ఇటాలియన్ బండే, బెంగళూరులో తీసుకున్నాను. కర్నూలు మీదుగా జడ్చర్ల దాకా నలభై నాలుగో నంబరు హైవే మీద రాజులా వచ్చాను. ఆ రోజు తర్వాత రాజరికం లేదు. పాత యజమాని బ్యాంకు లోను తీర్చాడు గానీ ఆర్‌సీ మీద ఆ బ్యాంకు పేరు తీసేయించలేదు. అది తీస్తే గానీ బండిని వేరే రాష్ట్రానికి మార్చుకునే ఎన్‌ఓసీ రాదు. అది వచ్చాక ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఐదు నెలలు బండి కవరు కింద ఉంది.

తర్వాత ఒక రోజు పొలం గట్టు దగ్గర ఆపాను. మెత్తటి నేల, సైడ్ స్టాండు దిగబడి బండి నిదానంగా ఒరిగి పడుకుంది. క్లచ్ లివర్ విరిగింది. కొత్త లివర్ రావడానికి ఏడు వారాలు. మా తమ్ముడు దాని మీద బట్టలు ఆరేయడం మొదలుపెట్టాడు. నష్టానికి అమ్మేశాను. మీ దోస్తు మాటే కరెక్టు అన్నా, కిరాయిదారులమే.

ఎరువుల_కొట్టు:
లివర్ మాట చెప్పి మంచి పని చేశావు. ఒక జత కొని సీటు కింద పెట్టుకుంటాను. స్టాండు కింద పెట్టడానికి నేను నూనె డబ్బా మూత ఒకటి జేబులో వేసుకుని తిరుగుతాను, ఇంట్లో నవ్వుతారు.

అచ్చంపేట_అక్క:
మీరందరూ మెకానిక్ గురించి కొట్టుకుంటున్నారు. నేను మన్ననూరు చెక్‌పోస్టు అవతలి సంగతి అడుగుతాను. శ్రీశైలం ఘాట్‌లో నెలకోసారి బండి నడుపుతాను, నాది మామూలు 200 సీసీ. అడవి లోపల చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేస్తారు. అక్కడ ఆగిపోతే నీది ఇటలీదా, ఇండియాదా అని ఎవరూ చూడరు. అసలు లెక్క, నీ కోసం బండేసుకుని వచ్చే మనిషి ఒకడు ఉన్నాడా అని. అన్నా, మీకు ఆ మనిషి ఉన్నాడా?

ఎరువుల_కొట్టు:
ఉన్నాడమ్మా. ఎవరో చెప్తే మీరు నవ్వుతారు.

ఫిబ్రవరిలో నాగార్జునసాగర్ పోయాను. డ్యాం చూసుకుని టీ తాగి వచ్చి కీ తిప్పితే రిలే టిక్కుమంది, అంతే. బ్యాటరీ పోయింది. పాత యజమాని ఎప్పుడో బిగించిన చవక జీపీఎస్ పెట్టె ఒకటి సీటు కింద రాత్రింబవళ్లు కరెంటు తాగుతోందని తర్వాత తెలిసింది. కిక్ లేదు. ఇద్దరు కుర్రాళ్లు తోశారు, లాభం లేదు. పెట్రోలు పంపు తిరగడానికే కరెంటు లేనప్పుడు ఎంత తోస్తే ఏం?

ఫోన్ చేసింది ఆ కిరాయి డైలాగు దోస్తుకే. టాటా ఏస్ వేసుకుని, అరవై కిలోమీటర్ల పైన, గంటన్నరలో వచ్చాడు. ఎక్కించడానికి పలక లేదు. కాలువ కట్ట వాలుగా ఉన్న చోట ఏస్‌ను రివర్స్‌లో ఆనించి, దాని వెనక తలుపును (డాలా) కట్ట మట్టి మీదికి దించాం. బండిని న్యూట్రల్‌లో పెట్టి, నేను ముందు బ్రేకు మీద, ఆయన వెనక రాడ్డు పట్టుకుని, అంగుళం అంగుళం లోపలికి. ఎరువుల బస్తాలు కట్టే తాడుతో నాలుగు వైపులా కట్టాం. హాలియా దాకా ఒక్క మాట మాట్లాడలేదు. హాలియాలో ఆపి మిర్చి బజ్జీలు కొని, "కిరాయి బకాయి ఉన్నదా ఇంకా?" అన్నాడు.

మిర్యాలగూడ_మిల్లు:
ఇంకా చర్చ ఎందుకన్నా? తీర్పు వచ్చేసింది.

పాలమూరు_గ్యారేజ్:
రాలేదు. బ్యాటరీ ఏ బండికైనా పోతుంది. 650 అయితే తోస్తే స్టార్ట్ అయ్యేదా? దానికీ పంపుకు కరెంటు కావాలి కదా. ఆర్‌ఎక్స్ 100 అయితే ఒక్క కిక్కు, నిజమే. కానీ సార్, మీ పాత ఆర్‌ఎక్స్‌కు ఇవాళ అసలైన పిస్టన్ దొరుకుతుందా? నా దగ్గరికి వచ్చేవాటిలో సగం డూప్లికేట్. ఊళ్లో చేసే మనిషి ఉన్నాడు, సామాను లేదు. మీకు సామాను ఉంది, చేసే మనిషి లేడు. నన్నడిగితే సామాను ఉండటమే మేలు. నేర్చుకునేవాడు ఎప్పుడో ఒకడు వస్తాడు.

జడ్చర్ల_జంక్షన్:
ఎండ మాట ఎవరూ ఎత్తలేదేం? ఇప్పుడు మే నెల.

ఎరువుల_కొట్టు:
ఎత్తకపోవడమే మంచిదనుకున్నాను. రెండు సిలిండర్లు, మధ్య 90 డిగ్రీలు. ఒకటి ముందుకు పడుకుని గాలి తింటుంది. రెండోది నిటారుగా నిలబడి నా తొడను తింటుంది. నీళ్ల రేడియేటర్ లేదు, గాలీ ఆయిల్ కూలరే దిక్కు. సిగ్నల్ దగ్గర మధ్యాహ్నం ఆగితే ప్యాంటు ఇస్త్రీ అయిపోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో తెల్లారి ఐదింటికి బయల్దేరి ఎనిమిదిలోపు ఇంట్లో ఉంటాను. ట్యాంకు 13.5 లీటర్లే, పొద్దుటి తిరుగుడుకు చాలు.

దేవరకొండ_24:
అన్నా, నాకు 24 ఏళ్లు. ఇదే మోడల్ ఒకటి నాలుగున్నర లక్షలకు వస్తోంది, లోను దొరుకుతుంది. మొదటి పెద్ద బండిగా తీసుకోవచ్చా?

ఎరువుల_కొట్టు:
వద్దు. నాకు కొట్టు ఉంది, ఏస్ ఉన్న దోస్తు ఉన్నాడు, రోజూ నడపడానికి వేరే బండి ఉంది. ఈ మూడింట్లో ఒక్కటి లేకపోయినా నేను కూడా కొనేవాణ్ణి కాదు. నెలనెలా కిస్తీ కడుతూ 80 వేల సర్వీసు బిల్లు చూస్తే బండి మీద ప్రేమ పోతుంది తమ్ముడూ. అప్పుడు అమ్ముకోవడం ఒక్కటే మిగులుతుంది. అయినా చూడాలనుంటే ముందు టైరు మీద నాలుగంకెలు చదువు, బెల్టు మార్చిన బిల్లు అడుగు, చలాన్లు, లోను క్లియరెన్సు చూడు. ఇన్సూరెన్సు నీ పేరు మీదికి మార్చడానికి 14 రోజులే గడువు, మర్చిపోకు.

కొనకముందు ఒకసారి నాది నడిపి చూడు. ఆదివారం సాగర్ పోతున్నాను.

దేవరకొండ_24:
వస్తానన్నా. ఎన్నింటికి?

ఎరువుల_కొట్టు:
ఐదున్నరకు పెద్దవూర దగ్గర ఉండు. నిదానంగా రా, యాసంగి వడ్లు రోడ్డు మీద సగం దాకా ఆరబోశారు. రాత్రి పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడుతున్నారు, చీకట్లో కనపడవు. దోస్తు కూడా వస్తున్నాడు, ఏస్‌లోనే. చేపలు తెచ్చుకోవడానికట.