అప్‌డేట్: అస్సాంలో పుట్టిన మా పాప, చేరియాల బొమ్మల వర్క్‌షాప్

అస్సాం నుంచి దత్తత తెచ్చుకున్న మా పాపను హనుమకొండలో అందరూ "ఎక్కడి పిల్ల?" అని అడుగుతున్నారని, పిల్లల ఆర్ట్ వర్క్‌షాప్‌కు పంపాలా వద్దా అని ఇక్కడ అడిగాను. పంపమన్న అందరికీ థాంక్స్. పంపాం.

చేరియాల ఊరి నకాషీ బొమ్మలు, అంటే గుడ్డ మీద గీసే కథల పటాలు, నేర్పించారు. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, తెల్ల సుద్ద, జిగురు పట్టించి, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద బొమ్మలు గీస్తారు. పాతకాలంలో ఆ పటాన్ని విప్పుకుంటూ ఊరూరా కులపురాణాలు చెప్పేవాళ్లు. ఒక కులం ఎక్కడ పుట్టింది, ఎట్లా వచ్చింది అన్నదే ఆ కథ. మా పాపకు ఇంతకంటే సరిపోయే కళ ఇంకోటి ఉందనుకోను.

తన పటంలో పైన బ్రహ్మపుత్ర, కింద భద్రకాళి చెరువు, మధ్యలో రైలు గీసింది. పక్క పిల్ల "మీ అసలు అమ్మ ఎవరు?" అంటే, "కన్నమ్మ తెలియదు, మా అమ్మ అక్కడ కూర్చుంది" అని చెప్పి మళ్లీ రంగులేసుకుంది. నాకు కళ్లు తిరిగినంత పనైంది, కానీ దాని గొంతులో టెన్షన్ లేదు.

కన్నవాళ్ల గురించి అడిగినవాళ్లకు: 2022 దత్తత నిబంధనల్లో మూలాలు వెతుక్కునే వీలుంది. 18 ఏళ్లు నిండితే తనే దరఖాస్తు చేసుకోవచ్చు, అంతకుముందైతే మాతో కలిసి. అడిగిన రోజు చేద్దామని చెప్పాం.

బతుకమ్మ మాకుంది. ఏప్రిల్‌లో అస్సాం వాళ్ల పండుగ బిహు కూడా చేయాలంటోంది. కాజీపేట, హనుమకొండ వైపు అస్సామీ కుటుంబాలు ఎవరైనా ఉంటే చెప్పండి.